బాలికల ఫుట్‌బాల్ జట్టులో మోకాలి గాయాలను నివారించడం ఎలా?

ప్రశ్న: వ్యాయామ ఉపాధ్యాయిని, నిజామాబాద్ జిల్లా

అందరికీ నమస్కారం. మా జిల్లా అమ్మాయి గుగులోతు సౌమ్య భారత జట్టుకు ఆడుతుండటం చూసి, మా ఉన్నత పాఠశాలలో ఫుట్‌బాల్ నేర్చుకుంటామని ముందుకు వచ్చే ఆడపిల్లలు బాగా పెరిగారు. వారంతా 12 నుంచి 16 ఏళ్ల లోపువారే. అయితే గత ఏడాది ఇద్దరు పిల్లలు మోకాలి గాయాలతో ఆటకు దూరమయ్యారు. రెండు సందర్భాల్లోనూ ఎదుటి జట్టువారు ఎవరూ తగలలేదు. ఒకమ్మాయి పరుగెడుతూ ఉన్నట్టుండి పక్కకు తిరగబోయి పడిపోయింది. ఇంకొకమ్మాయి తలతో బంతిని కొట్టడానికి ఎగిరి, ఒంటికాలిపై దిగుతూ కూలబడింది. ఈమెకు ఏసీఎల్ లిగమెంటు (మోకాలి లోపల తొడ ఎముకను, కాలి ఎముకను కలిపి ఉంచే గట్టి పట్టీ) తెగిందని వైద్యులు చెప్పారు. అప్పటి నుంచి మిగతా పిల్లల తల్లిదండ్రులు కూడా ఆడించడానికి వెనకాడుతున్నారు.

మాది మొరం నేల, ఎండాకాలంలో రాయిలా గట్టిపడుతుంది. జిమ్ లేదు, ఫిజియో లేరు, సాయంత్రం బడి అయ్యాక గంటంబావు సమయం మాత్రమే ఉంటుంది. ఈ పరిస్థితుల్లో గాయాలు తగ్గించడానికి మేము చేయగలిగినది ఏమిటో అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

జవాబు 1: స్పోర్ట్స్ ఫిజియోథెరపిస్ట్, హైదరాబాద్

మేడం గారూ, ఎవరూ తగలకుండానే గాయమైందని మీరు గమనించి రాయడం చాలా మంచిదైంది, ఎందుకంటే ఏసీఎల్ గాయాల్లో అధికభాగం అలా జరిగేవే. వేగంగా పరుగెడుతూ ఆగడం, హఠాత్తుగా దిశ మార్చడం, ఎగిరి ఒంటికాలిపై దిగడం అనే మూడు సందర్భాల్లో మోకాలు లోపలివైపుకు వాలిపోతే ఆ లిగమెంటుపై భరించలేనంత ఒత్తిడి పడుతుంది. ఒకే స్థాయిలో ఆడే అబ్బాయిలతో పోలిస్తే అమ్మాయిల్లో ఈ గాయం సుమారు రెండు మూడు రెట్లు ఎక్కువ. యుక్తవయసులో ఎత్తు, బరువు పెరిగినంత వేగంగా తుంటి, తొడ వెనుక కండరాల బలం, శరీరంపై అదుపు పెరగకపోవడం ఇందుకు ఒక ముఖ్య కారణం. చిన్నప్పటి నుంచి గెంతులు, పరుగులతో కూడిన ఆటలకు అమ్మాయిలకు దొరికే అవకాశం తక్కువ కావడం కూడా ఇందులో భాగమేనని నా అభిప్రాయం. బలాన్నీ అదుపునూ సాధనతో పెంచవచ్చు కనుక, ఇది ఆడపిల్లల శరీరంలోని లోపమన్నట్టు ఎవరైనా మాట్లాడితే మీరు గట్టిగా కాదనండి.

మీకు కావలసినది ఫిఫా (అంతర్జాతీయ ఫుట్‌బాల్ సమాఖ్య) 11+ అనే వార్మప్, అంటే ఆటకు ముందు ఒంటిని సిద్ధం చేసే వ్యాయామాల వరుస. దీనికి ఒక బంతి, కొన్ని కోన్లు ఉంటే చాలు. మొత్తం 20 నిమిషాలు పడుతుంది: మొదట 8 నిమిషాలు నెమ్మది పరుగులు, తర్వాత 10 నిమిషాలు బలం, గెంతులు, నిలకడకు సంబంధించిన వ్యాయామాలు, చివర 2 నిమిషాలు వేగపు పరుగులు. నార్వేలో 125 క్లబ్బులకు చెందిన 13 నుంచి 17 ఏళ్ల అమ్మాయిలు 1,892 మందిపై జరిపిన అధ్యయనం 2008లో వెలువడింది. ఈ వార్మప్ చేసిన జట్లలో మొత్తం గాయాలు దాదాపు మూడో వంతు, తీవ్రమైన గాయాలు దాదాపు సగం తగ్గాయి. స్వీడన్‌లో 4,500 మందికి పైగా అమ్మాయిలపై ఇలాంటిదే 15 నిమిషాల కార్యక్రమాన్ని పరీక్షించగా ఏసీఎల్ గాయాల రేటు 64 శాతం తగ్గిందని 2012లో తేలింది.

అయితే వ్యాయామాలు చేయించడం ఒక ఎత్తు, సరిగా చేయించడం మరొక ఎత్తు. ఎగిరి దిగే వ్యాయామంలో మీరు పిల్లకు ఎదురుగా నిలబడి మోకాళ్లనే చూడండి. దిగిన క్షణంలో తుంటి, మోకాలు, పాదం ఒకే వరుసలో ఉండాలి, మోకాళ్లు కొద్దిగా వంగాలి, పాదం ముందుభాగం ముందుగా నేలను తాకాలి, చప్పుడు రాకూడదు. రెండు మోకాళ్లు దగ్గరకు వచ్చాయంటే ఆ పిల్లకు వేగం పెంచవద్దు, ఎత్తు తగ్గించి మళ్లీ చేయించండి. తొడ వెనుక కండరాల కోసం నార్డిక్ వ్యాయామం చేయించండి: పిల్ల మోకాళ్లపై నిలబడితే, వెనుక కూర్చున్న తోటి పిల్ల ఆమె చీలమండలను గట్టిగా పట్టుకుంటుంది, ఆమె తల నుంచి మోకాళ్ల వరకు శరీరాన్ని నిటారుగా ఉంచి వీలైనంత నెమ్మదిగా ముందుకు వాలుతుంది. మొదట్లో మూడు నుంచి ఐదుసార్లు చాలు. రెండు రోజులు తొడలు నొప్పులు పుట్టడం సహజమని ముందే చెప్పి ఉంచండి, లేకపోతే భయపడి మానేస్తారు. వారానికి కనీసం రెండుసార్లు, ఏడాది పొడవునా జరగాలి. పోటీలకు ముందు పది రోజులు హడావుడిగా చేయిస్తే ఫలితం ఉండదు.

జవాబు 2: ఇద్దరు ఆడపిల్లల తల్లి, డాలస్

నమస్తే అండీ. మా పెద్దమ్మాయి ఇక్కడ క్లబ్ జట్టులో ఆడుతుంది. ఇక్కడి సమస్య మీ దానికి భిన్నమైనది: మైదానాలు మెత్తగానే ఉంటాయి, కానీ ఏడాదంతా పోటీలే, విశ్రాంతి కరువు. వారానికి ఒకటి రెండు రోజులు పూర్తి విరామం, వారంలో సాధన గంటలు పిల్ల వయసును మించకుండా ఉండటం అనే నియమాలను మా పిల్లల వైద్యురాలు సూచించారు, మేము పాటిస్తున్నాము. తలతో బంతిని కొట్టే విషయంలోనూ జాగ్రత్త అవసరం. అమెరికా సాకర్ సమాఖ్య 2015లో పదేళ్లు, అంతకు లోపు పిల్లలు తలతో కొట్టడాన్ని నిషేధించి, 11 నుంచి 13 ఏళ్ల వారికి సాధనలో పరిమితం చేసింది. తలకు దెబ్బ తగిలి కళ్లు తిరిగినా, తలనొప్పి వచ్చినా, మాట తడబడినా ఆ రోజుకు ఆట ఆపించి వైద్యులకు చూపించడం ఒక్కటే మార్గం.

జవాబు 3: బాలికల జట్టు కోచ్, అనంతపురం

మాదీ గట్టి నేలే. సాధనకు ముందురోజు సాయంత్రం నీళ్లు చల్లించి, రాళ్లు ఏరించి, గుంతలు పూడ్పించడం మేము పిల్లలతో కలిసి చేసే మొదటి పని. అలాంటి నేలపై పొడవాటి స్టడ్స్ (అడుగున ఉండే బొడిపెలు) ఉన్న బూట్లు వద్దు, పొట్టి రబ్బరు స్టడ్స్ మేలు. అన్నల పాత బూట్లు వేసుకొచ్చి లోపల గుడ్డలు కూరుకునే పిల్లలు ఉంటారు, మడమ జారే బూటుతో మాత్రం మైదానంలోకి దిగనివ్వకండి.

మరొక ముఖ్య విషయం తిండి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) ప్రకారం దేశంలో 15 నుంచి 19 ఏళ్ల అమ్మాయిల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉంది. ఉదయం ఏమీ తినకుండా వచ్చిన పిల్ల ఆట చివరిలో అలసి కాలు సరిగా వేయలేదు. సాధన అయ్యాక వేరుశనగ పప్పు, బెల్లం, వీలైతే ఉడికించిన గుడ్డు పెట్టించండి, బడిలో ఇచ్చే ఐరన్ మాత్రలు మింగుతున్నారో లేదో అడగండి. నెలసరి రెండు మూడు నెలలు వరుసగా రాకపోతే చెప్పమని పిల్లలకు ధైర్యం ఇవ్వండి, ఎందుకంటే ఆడే శ్రమకు తగినంత తినడం లేదనడానికి అది ఒక గుర్తు, ఎముకలు బలహీనపడే ప్రమాదమూ ఉంది.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. సోమవారం నుంచే మొదలుపెడతాను. ఇంకా రెండు సందేహాలు ఉన్నాయి. మ్యాచ్ రోజున కూడా మొత్తం 20 నిమిషాలు చేయించాలా? ఏసీఎల్ తెగిన అమ్మాయికి ఆపరేషన్ అయి ఆరో నెల వచ్చింది, నడక బాగానే ఉంది, ఎస్జీఎఫ్ (స్కూల్ గేమ్స్ ఫెడరేషన్) పోటీలకు ఆడతానని పట్టుబడుతోంది. ఏమని చెప్పాలి?

జవాబు 1 రాసినవారు

మ్యాచ్ రోజున మొదటి, చివరి భాగాల్లోని పరుగులు మాత్రమే చేయించండి, మధ్య భాగంలోని బలం వ్యాయామాలు సాధన రోజులకు ఉంచండి. ఇక ఆ అమ్మాయి విషయానికి వస్తే, నడక బాగుండటం ఆటకు సిద్ధమవడం కాదు. శస్త్రచికిత్స తర్వాత కనీసం 9 నెలలు గడవాలి, ఆపైన రెండు కాళ్ల బలం దాదాపు సమానమైందని పరీక్షించి వైద్యులు అనుమతించాలి. తొందరపడి దిగిన వారిలో అదే లిగమెంటు మళ్లీ తెగడం గానీ రెండో కాలికి గాయం కావడం గానీ ఎక్కువ. ఈసారి పోటీలకు ఆమెను జట్టుతోనే తీసుకెళ్లండి, వార్మప్‌లో ఎవరి మోకాళ్లు లోపలికి వాలుతున్నాయో చూసి చెప్పే పని ఆమెకు అప్పగించండి.