యాషికా ఎలక్ట్రో 35 సర్వీసింగ్ ఎక్కడ చేయించాలి? పాత రేంజ్‌ఫైండర్లు (రెండు బొమ్మల్ని ఒకటిగా కలిపి ఫోకస్ చేసే కెమెరాలు) వాడేవాళ్లు చెప్పండి

తెనాలి_రీలు
మా నాన్నగారి యాషికా ఎలక్ట్రో 35 జీఎస్ఎన్ బీరువాలోంచి బయటికి తీశాను. లెన్స్ శుభ్రంగానే ఉంది. వ్యూఫైండర్ మాత్రం పొగ పట్టినట్టుంది, ఫోకస్ చేసేటప్పుడు మధ్యలో కనపడాల్సిన రెండో బొమ్మ కనీకనపడనట్టు ఉంది. బ్యాటరీ పెట్టే చోట చిలుము పట్టింది. మా ఊళ్లో స్టూడియో ఆయన్ని అడిగితే "ఇవి ఇప్పుడెవరూ చేయరమ్మా, షోకేసులో పెట్టుకోండి" అన్నారు. నాకు షోకేసులో పెట్టాలని లేదు. మా అక్క పెళ్లి, నా అక్షరాభ్యాసం అన్నీ దీంతో తీసినవే, మళ్లీ దీంతోనే తీయాలని ఉంది. విజయవాడలోగానీ హైదరాబాద్‌లోగానీ చేసేవాళ్లున్నారా?

పాతషట్టర్
చేసేవాళ్లు ఉన్నారమ్మా, తక్కువమంది. కానీ కొరియర్‌లో పంపే ముందు అసలు ఏం పోయిందో ఇంట్లోనే తేల్చుకోండి. "పనిచేయట్లేదు" అని ఇస్తే విప్పేవాడు అన్నీ కదిలిస్తాడు. "ఇది పోయింది" అని ఇస్తే అక్కడే చేయి పెడతాడు.

జీఎస్ఎన్ 1973 నాటి మోడల్. దీంట్లో అపర్చర్, అంటే లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం సైజు, మనం పెడతాం; షట్టర్ స్పీడు, అంటే ఆ వెలుతురు ఫిల్మ్ మీద ఎంతసేపు పడాలో, కెమెరాయే చూసుకుంటుంది. ఆ స్పీడంతా బ్యాటరీ మీదే నడుస్తుంది. బ్యాటరీ లేకపోతే ఎంత చీకట్లో నొక్కినా సెకనులో 1/500 వంతు దగ్గరే కొడుతుంది. అందుకే బ్యాటరీ లేకుండా చప్పుడు విని "షట్టర్ బాగుంది" అనుకోకూడదు.

ముందు ఆ చిలుము సంగతి చూడండి. దూదిపుల్లకు కొంచెం వెనిగర్ అద్ది తుడిచి, తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి ఆరనివ్వండి. లోపలికి కారేంత తడి వద్దు. అప్పట్లో వేసిన 5.6 వోల్టుల మెర్క్యురీ బ్యాటరీ ఇప్పుడు తయారు కావట్లేదు. 4ఎల్ఆర్44 అనే 6 వోల్టుల బ్యాటరీ సరిపోతుంది, ఆ కాస్త ఎక్కువ వోల్టేజీతో దీనికేం కాదు. కానీ అది సైజులో చిన్నది. చుట్టూ కాగితం చుట్టి, ఖాళీలో ఒక స్ప్రింగు పెడితే రెండు కొసలూ ఆనతాయి.

బ్యాటరీ వేశాక చెక్ బటన్ నొక్కితే పచ్చ లైటు రావాలి. రాకపోతే బ్యాటరీ గదినుంచి పైకెళ్లే వైరు లోపల కుళ్లిపోయి ఉండొచ్చు. ఆ వైరు మార్చడం పెద్ద పని కాదు. లైటు వస్తే అపర్చర్ 16లో (అన్నిటికన్నా చిన్న రంధ్రం) పెట్టి, గదిలో కర్టెన్లు వేసి నొక్కండి. షట్టర్ కాసేపు తెరుచుకుని ఉండి మూసుకోవాలి.

ఇంకొకటి. రీలు తిప్పే లివర్ లాగుతున్నప్పుడు, ముప్పావు వంతు దాటాక లోపల "ఠక్" అని ఒక బరువైన చప్పుడు రావాలి. అది వస్తుందో లేదో చెప్పండి.

కోఠి_శ్రీను
హైదరాబాద్ సంగతి నేను చెప్తా. కోఠి, ఆబిడ్స్ వైపు పాత కెమెరా షాపులున్నాయి. కౌంటర్ మీద కూర్చున్న పిల్లలను "ఫిల్మ్ కెమెరా రిపేరు చేస్తారా" అని అడిగితే లేదనే అంటారు. షాపులో పెద్దాయన ఉన్నప్పుడు వెళ్లి "యాషికాలు, పాత నికాన్‌లు చేసిన మెకానిక్ ఎవరైనా తెలుసా సార్" అని అడగాలి. ఆ మెకానిక్‌లు షాపులు వదిలేసి ఇళ్లల్లో కూర్చుని చేస్తున్నారు, పెద్దాయనల ఫోన్లలో వాళ్ల నంబర్లుంటాయి. నాకు దొరికినాయన అట్లనే దొరికాడు. నంబర్ ఇక్కడ పెట్టను, ఆయనకు ఇష్టం ఉండదు. అక్కా, మెసేజ్ చెయ్యండి, ఆయనను అడిగి ఇస్తా.

వేరే షాపు ఒకటుంది, పేరు చెప్పను. అక్కడ మా ఫ్రెండు కెమెరా షట్టర్ రెక్కలకు నూనె వేసి ఇచ్చారు. వారం బాగానే తిరిగింది, తర్వాత రెక్కలు ఒకదానికొకటి అతుక్కుపోయి కదలడం మానేశాయి. లెన్స్ షట్టర్ రెక్కలు పొడిగానే ఉండాలి. నూనె మాట ఎత్తితే అక్కడినుంచి వచ్చేయండి.

తెనాలి_రీలు
పాతషట్టర్ గారూ, పచ్చ లైటు వచ్చింది! కానీ లివర్ లాగితే ఆ "ఠక్" రావట్లేదు. చీకట్లో నొక్కినా వెంటనే మూసుకుంటోంది, స్పీడు తక్కువైందని చెప్పే పసుపు లైటు ఒకసారి వస్తుంది, ఒకసారి రాదు. చాలా టెన్షన్‌గా ఉంది, సర్క్యూట్ పోయిందా?

పాతషట్టర్
టెన్షన్ అక్కర్లేదు. సర్క్యూట్ పోయిన కేసులు తక్కువ. మీరు చెప్పిన లక్షణాలన్నీ ఈ కెమెరాకు పేరుపడ్డ జబ్బువే. షట్టర్ రిలీజు కడ్డీకి ఆనుకుని లోపల ఒక చిన్న రబ్బరు ముక్క ఉంటుంది. ఇన్నేళ్లకు అది కరిగి పొడైపోతుంది. దాని మందం లేకపోయేసరికి కడ్డీ తన చోటుకి తిరిగి రాదు, లోపలి స్విచ్‌లు వేళకు తగలవు. అందుకే ఆ "ఠక్" ఆగిపోతుంది, స్పీడు తప్పుతుంది, లైట్లు పిచ్చిగా వెలుగుతాయి. కొత్త ముక్క అతికిస్తే చాలామందికి పూర్తిగా బాగయింది. ఖర్చు రబ్బరుది కాదు, విప్పి మళ్లీ బిగించే చేతిది. కోఠి వాళ్లు చెప్పిన మెకానిక్‌ని "ఎలక్ట్రోలో రబ్బరు ప్యాడ్ మార్చారా" అని అడగండి. వెంటనే తలూపితే ధైర్యంగా ఇవ్వండి.

వ్యూఫైండర్ గురించి గట్టిగా చెప్పండి. పైమూత తీస్తే లోపలి అద్దాలు తుడవొచ్చు, ఆ పొగంతా పోతుంది. కానీ అందులో ఒకటి సగం వెలుతురు వదిలే అద్దం. దాని పూత చాలా పల్చన. గట్టిగా రుద్దితే పూత ఊడొస్తుంది, ఇక రెండో బొమ్మ ఎప్పటికీ కనపడదు. దానిమీద గాలి ఊదడం వరకే, గుడ్డ పెట్టొద్దని చెప్పండి.

విశాఖ_జోర్కీ
నాది వేరే కంపెనీ అయినా బాధ ఒకటే. మా మావయ్య నేవీలో ఉన్నప్పుడు రష్యా నుంచి తెచ్చుకున్న జోర్కీ 4 ఉంది. దీనికి బ్యాటరీ లేదు, కాబట్టి ఆ జబ్బులూ లేవు. దీని జబ్బు గుడ్డ తెర. షట్టర్ తెర రబ్బరు పూసిన గుడ్డ, మడతల దగ్గర పూత పగిలి సూదిమొన అంత బెజ్జాలు పడతాయి. లెన్స్ ఊడదీసి, వెనక మూత తీసి, చీకటి గదిలో ఒక వైపునుంచి టార్చి వేసి చూస్తే నక్షత్రాల్లా కనపడతాయి. ప్రింట్లలో ఒకేచోట తెల్ల చుక్కలు వస్తుంటే కారణం ఇదే.

రష్యా కెమెరాలు వాడే తమ్ముళ్లకు ఒక మాట. ముందు రీలు తిప్పండి, ఆ తర్వాతే స్పీడు మార్చండి. తిప్పకుండా స్పీడు మారిస్తే లోపలి పళ్ల చక్రాలు దెబ్బతింటాయి.

నాది కోల్‌కతా మెట్రో గలీలో తెలిసినవాళ్ల ద్వారా చేయించాం. తెర మార్చారు, ఫోకస్ రింగులో గట్టిపడ్డ గ్రీజు తీసి కొత్తది పెట్టారు. చాలా టైం పట్టింది, కానీ పని శ్రద్ధగా చేశారు. ముంబైలో బోరా బజార్, ఢిల్లీలో చాందినీ చౌక్ దగ్గర ఫోటో మార్కెట్ కూడా అడగదగ్గ చోట్లే.

సముద్రం పక్కన ఉన్నవాళ్లు తోలు కేసులో పెట్టి దాచొద్దు. తోలు తేమ పట్టి ఉంచుతుంది, లెన్స్‌లో ఫంగస్ మొదలయ్యేది అక్కడే. గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టండి.

న్యూజెర్సీ_మధు
ఇక్కడ అమెరికాలో ఈ పాత కెమెరాలు చేసేవాళ్లు ఇంకా బాగానే ఉన్నారు. లైకా లాంటి ఖరీదైనదైతే పంపడంలో అర్థం ఉంది. యాషికాకి మాత్రం రవాణా ఖర్చే కెమెరా ధరను మించుతుంది. పంపేవాళ్లు కొరియర్‌లో "రిపేరుకి పంపి తిరిగి తెప్పించుకుంటున్నాం" అని సీరియల్ నంబర్‌తో సహా కాగితాలు పెట్టించండి. అప్పుడు తిరిగొచ్చేటప్పుడు కస్టమ్స్ వాళ్లు రిపేరు ఖర్చు, రవాణా, ఇన్సూరెన్స్ మీదే సుంకం వేస్తారు. కాగితాలు లేకపోతే కెమెరా మొత్తం విలువ మీద కట్టమంటారు. బంధువుల చేత పంపితే రీలు లోపల ఉంచొద్దు. ఎయిర్‌పోర్టుల్లో కొత్తగా వచ్చిన సీటీ స్కానర్లు కడగని ఫిల్మ్‌ని పాడుచేస్తాయి, ఫిల్మ్ విడిగా పట్టుకుని చేత్తో చూడమని అడగాలి.

నల్లగొండ_సార్
రిపేరై వచ్చాక షాపులోనే చూసుకోవాల్సినవి చెప్తాను. దూరంగా ఉన్న సెల్ టవర్‌ని చూస్తూ ఫోకస్ అనంతంలో పెడితే రెండు బొమ్మలూ ఒకటై కలవాలి. టేపుతో ఒక మీటరు దూరం కొలిచి, అక్కడ కూడా కలుస్తుందో చూడాలి. ఒకచోట కలిసి రెండోచోట తప్పితే సర్దుబాటు సగమే చేశారన్నమాట.

చేత్తో స్పీడు పెట్టే కెమెరాలైతే ఫోన్ స్లో మోషన్ వాడండి. సెకనుకు 240 ఫ్రేముల వీడియో తీస్తూ వెనకనుంచి లెన్స్ వైపు చూపించి, 1/30లో నొక్కండి. షట్టర్ దాదాపు 8 ఫ్రేములు తెరిచి కనపడాలి. 1/60కి 4. పది పన్నెండు ఫ్రేములు కనపడితే షట్టర్ మెల్లగా నడుస్తున్నట్టే.

డబ్బుల విషయం. విప్పి చూశాకే రేటు చెప్తామంటారు, అది న్యాయమే. కానీ విప్పి చూసినందుకు ఎంత, బాగుచేస్తే ఎంత అని ముందే విడివిడిగా మాట్లాడుకోండి. వెనక తలుపు గాడుల్లోని నల్ల స్పాంజి కూడా మార్చమనండి. అది తారులా జిగురైపోయి వెలుతురు లోపలికి వదులుతుంది.

కోఠి_శ్రీను
అక్కకు మెకానిక్ నంబర్ ఇచ్చాను, కెమెరా తీసుకుంటానన్నాడు. ఆయన అందరికీ ఒక మాట చెప్పమన్నాడు. యాషికాను 1983లో క్యోసెరా కొన్నది, ఆ కంపెనీ 2005లో కెమెరాలే మానేసింది. కొత్త విడిభాగాలు ఎక్కడా రావు. అందుకని మీ ఇళ్లల్లో పూర్తిగా పాడైన ఎలక్ట్రోలు ఉంటే పాతసామాన్లవాళ్లకు వేయొద్దు, ఆయనకు అమ్మండి. ఒక్క లివరో ఒక్క అద్దమో దొరికితే ఇంకో కెమెరా నడుస్తుంది.

గోదారి_కెనోనెట్
చివర్లో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. కెనోనెట్ క్యూఎల్17కి (కెనాన్ వాళ్ల పాత రేంజ్‌ఫైండర్) ఏ బ్యాటరీ వేయాలి? మెడికల్ షాపులో ఎల్ఆర్44 వేసుకోమన్నారు.

పాతషట్టర్
వద్దు. దానికి కావాల్సింది 1.35 వోల్టులు, ఎల్ఆర్44 1.5 ఇస్తుంది. కెమెరాలో వెలుతురు కొలిచే మీటరు ఎక్కువ వెలుతురు ఉందనుకుని ఫోటోలు చీకటిగా వస్తాయి. చెవి మిషన్లకు వాడే 675 సైజు జింక్ ఎయిర్ బ్యాటరీ తీసుకోండి, 1.4 వోల్టులు ఇస్తుంది. చుట్టూ ఒక రబ్బరు వాషరు పెడితే కదలదు. స్టిక్కరు పీకాక కొన్ని నెలలే ఉంటుంది, కానీ చవక. అది అయిపోయినా మాన్యువల్‌లో స్పీడు, అపర్చర్ మీరే పెట్టి తీసుకోవచ్చు, ఆ షట్టర్‌కి బ్యాటరీతో పనిలేదు.