కాదోయ్? కాదోయి? పాత బోర్డు మీద చెరిగిన ఒక్క అక్షరం

డాబాగార్డెన్స్ డీటీపీ: రెండు రోజులుగా ఒక అక్షరం నన్ను నిద్రపోనివ్వట్లేదు. గాజువాక క్లయింటు ఒకాయన వాళ్ల తాతగారి గ్రంథాలయం బోర్డు ఫోటో తెచ్చారు, గురజాడ గారి 'దేశమంటే మట్టి...' రెండు వరుసల్లో ఉంది, కొత్త బోర్డు అచ్చం అదే అక్షరాల్లో కావాలట. రెండు వరుసల చివరా రంగు పెచ్చులూడిపోయి 'య' నెత్తిన చిన్న వంపు మాత్రం మిగిలింది. అది పొల్లా, గుడా? నా చెవిలో 'కాదోయ్' ఉంది, ఆయనేమో 'కాదోయి' అంటున్నారు. ఫాంటు ఏదో ఎవరికైనా తడితే అదీ చెప్పండి.

మర్రిపాలెం మాస్టారు: ఓయ్. దేశ–మంటే–మట్టి–కాదోయ్. మూడు నాలుగు, మూడు నాలుగు, పద్నాలుగు మాత్రలు. 'యి' పెడితే పదిహేను, నడక కుంటుతుంది.

పెదవాల్తేరు: మొదటి వరుసకి ఒప్పుకుంటా మాస్టారూ. రెండోది లెక్కపెట్టండి. దేశ–మంటే–మనుషు–లోయ్, పన్నెండే. అక్కడ 'లోయి' అన్నా పదమూడే కదా, చోటుంది. మా అమ్మమ్మ 'మనుషులోయీ' అని సాగదీసే పాడేది.

మర్రిపాలెం మాస్టారు: పాడితే సాగుతుందమ్మా. పైన ఓయ్ అని కింద ఓయి అంటే ఆ రెండూ జంట ఎలా అవుతాయి?

సీతంపేట: గురజాడ పేరుతోనే ఫాంటు ఉంది కదా, గూగుల్‌లో ఉచితం. అదే అయ్యుంటుంది.

డాబాగార్డెన్స్ డీటీపీ: అది 2010 తర్వాతదండీ, బోర్డు నేను పుట్టకముందుది. అయినా వేసి చూశా. పోతన 2000 చూశా, నా దగ్గరున్న అను ఫాంట్లన్నీ చూశా. 'మట్టి'లో ట ఒత్తు ఎందులోనూ అంత కిందికి దిగట్లేదు.

పూర్ణామార్కెట్ ఆర్ట్స్: అసలు ఫాంటే కాదేమో బాబూ. 'దేశమంటే' రెండుసార్లు ఉంది కదా, ఆ రెండు 'శ'లూ కోసి ఒకదాని మీద ఒకటి పెట్టు. అతికినట్టు కూర్చుంటే ఫాంటు, జరిగితే చేతిరాత.

డాబాగార్డెన్స్ డీటీపీ: పెట్టానండీ. కింది 'శ' తలకట్టు పొట్టిగా ఉంది, కుంచె ఎత్తిన చోట సన్నబడింది కూడా. చేతిరాతే. మరి పోయిన 'య' ఎక్కణ్ణుంచి తేను?

పూర్ణామార్కెట్ ఆర్ట్స్: 'మ' ఉందిగా, దాని కుడి తోక తీసుకుని కట్టు. మిగతావి ఫోటో మీదే ట్రేస్ చేసుకో, ఫాంటు వెతికి టైం పోగొట్టుకోకు.

మర్రిపాలెం మాస్టారు: 'క్రొత్త పాతల మేలు కలయిక' అని గురజాడ గారు 1910లోనే అన్నారు. మన ఎస్. రాయవరంలో పుట్టినాయన. ఆ పద్యం గట్టిగా చదివితే ఇప్పటికీ నాకు గొంతు పూడుకుపోతుంది.

పెదవాల్తేరు: ఆ వెంటనే 'క్రొమ్మెఱుంగులు'. అందులో బండి ఱ తీసేసి మామూలు ర వేసే వాళ్లంటే నాకు ఒళ్లు మండుతుంది.

మర్రిపాలెం మాస్టారు: ఆ మాట మీద మనిద్దరం ఒకటే.

డాబాగార్డెన్స్ డీటీపీ: క్లయింటు ఇప్పుడే ఫోన్ చేశారు, తాతగారు 'యి' అనే చదివేవారట, అదే వేయమంటున్నారు. తప్పు వేయడానికి నాకు చెయ్యి రావట్లేదు.

పూర్ణామార్కెట్ ఆర్ట్స్: ముందు ఆ వంపు పెద్దది చేసి పెట్టు. గుడి అయితే మూసుకోవాలి, పొల్లు అయితే పైకి లేచి తెరిచి ఉండాలి.

డాబాగార్డెన్స్ డీటీపీ: సరిగ్గా మూసుకోవాల్సిన చోటే పెచ్చు ఊడిందండీ.