షేరు విలువకు రెండు పద్ధతుల సగటు తీయడం సరైనదేనా?

కామర్స్_ఫైనలియర్:
అందరికీ నమస్కారం. స్టాక్ ఎక్స్ఛేంజీలో లేని కంపెనీ షేరుకు నికర ఆస్తుల పద్ధతిలో (ఆస్తుల్లోంచి అప్పులు తీసేసి షేర్లతో భాగించేది) ఒక విలువ, రాబడి పద్ధతిలో (లాభాన్ని సాధారణ రాబడి రేటుతో భాగించి షేర్లకు పంచేది) ఇంకో విలువ వస్తాయి. రెండూ కలిపి సగం చేసి "సరసమైన విలువ" అని రాస్తున్నాం. పరీక్షలో మార్కులు పడతాయి, సరే. నిజంగా షేర్లు చేతులు మారేటప్పుడు ఆ సగటును నమ్మవచ్చా?

నా లెక్క ఇది. గుడ్‌విల్ (వ్యాపారానికి ఉన్న పేరు ప్రతిష్ఠల విలువ) కాకుండా నికర ఆస్తులు మార్కెట్ విలువ ప్రకారం 60 లక్షలు. 10 రూపాయల ముఖ విలువతో 6 లక్షల షేర్లు. పన్ను పోను నిలకడగా వచ్చే లాభం ఏటా 9 లక్షలు. ఆ రంగంలో సాధారణ రాబడి 10 శాతం. గుడ్‌విల్‌ను అధిక లాభాలకు (సాధారణ రాబడిని మించి వచ్చేవాటికి) 3 ఏళ్ల కొనుగోలుగా, అంటే మూడు రెట్లుగా కట్టాను. ఆస్తుల పద్ధతిలో షేరు 11.50, రాబడి పద్ధతిలో 15, సగటు 13.25.

చిట్టా_ఆవర్జా:
నమ్మవచ్చు. ఆస్తుల పద్ధతి చేతిలో ఉన్నదాన్ని చూస్తుంది, రాబడి పద్ధతి రాబోయేదాన్ని చూస్తుంది. రాబోయేదంతా అంచనాయే కదా! మీ లెక్కలోనే సాధారణ రాబడిని 10 నుంచి 12 శాతానికి మార్చి చూడండి. రాబడి పద్ధతిలో 15 కాస్తా 12.50 అవుతుంది. ఆస్తుల పద్ధతిలో 11.50 తగ్గి 10.90 దగ్గర ఆగుతుంది. ఒక్క రేటుకే ఇంత ఊగిపోయే అంకె మీద మొత్తం బరువు ఎలా వేస్తాం? సగటు ఆ ఊపును తగ్గిస్తుంది.

అంకెల_వెనక:
చిట్టా గారూ, ఊపు తగ్గుతుందన్నది నిజమే. కానీ అసలు ఈ రెండు విలువల మధ్య తేడా ఎక్కడ పుట్టిందో చూడాలి.

60 లక్షల మీద 10 శాతం అంటే సాధారణ లాభం 6 లక్షలు. వచ్చేది 9 కాబట్టి అధిక లాభం 3 లక్షలు. దీనికి 3 ఏళ్ల కొనుగోలు కడితే గుడ్‌విల్ 9 లక్షలు. అదే 3 ఏళ్లకు యాన్యుటీ పద్ధతిలో, అంటే ముందు ముందు వచ్చే డబ్బును 10 శాతం వడ్డీతో నేటి విలువకు తగ్గించి చూస్తే దాదాపు 7.46 లక్షలు. అధిక లాభాన్ని 10 శాతంతో మూలధనీకరిస్తే, అంటే ఎప్పటికీ వస్తుందనుకుని ఆ రేటుతో భాగిస్తే 30 లక్షలు. ఒకే కంపెనీ, ఒకే లాభం!

ఇప్పుడు ఆ 30 లక్షలను ఆస్తులకు కలపండి. 90 లక్షలను 6 లక్షల షేర్లతో భాగిస్తే షేరు 15. సరిగ్గా రాబడి పద్ధతి ఇచ్చిన అంకె. అంటే రెండు పద్ధతుల మధ్య గొడవే లేదు. అధిక లాభం ఎన్నాళ్లు నిలుస్తుందన్నదే అసలు ప్రశ్న. ఆస్తుల వైపు 3 ఏళ్లన్నారు, రాబడి వైపు ఎప్పటికీ అన్నారు. 13.25 అన్నారంటే గుడ్‌విల్ 19.5 లక్షలని, అంటే ఆరున్నర ఏళ్ల కొనుగోలని ఒప్పుకున్నట్టే. ఆ ఆరున్నర ఏళ్లను ఎవరు ఆలోచించి నిర్ణయించారు? ఎవరూ లేరు. నా అభ్యంతరమల్లా అదే.

అమెరికా పన్ను శాఖ 1959లో ఇచ్చిన 59-60 రూలింగ్ కూడా ఇదే చెప్పింది. పుస్తక విలువ, మూలధనీకరించిన లాభాలు, డివిడెండ్లు లాంటివాటికి సగటు తీసి దాని మీద విలువ కట్టడం వల్ల ప్రయోజనం లేదని స్పష్టంగా రాసింది.

ఇంకో మాట. సగటు లాభాల పద్ధతి (అధిక లాభానికి బదులు మొత్తం లాభాన్నే ఆ 3 ఏళ్లతో గుణించేది) జోలికి మాత్రం వెళ్లకండి. ఈ కంపెనీకి 9 బదులు 6 లక్షలే వచ్చినా, అంటే మామూలు రాబడి కంటే పైసా ఎక్కువ రాకపోయినా, అది 18 లక్షల గుడ్‌విల్ చూపిస్తుంది.

చిన్న_వాటా:
మీరంతా కంపెనీ మొత్తం కొనేవాళ్ల వైపు నుంచే మాట్లాడుతున్నారు. 2 శాతం వాటా ఉన్నవాడికి ఆస్తులు అమ్మించే అధికారం లేదు, లాభం పంచమని పట్టుబట్టే బలమూ లేదు. చేతికొచ్చేది డివిడెండే. ఈ కంపెనీ 8 శాతం డివిడెండ్ ఇస్తుంటే, సాధారణ రాబడి 10 శాతం లెక్కన నా షేరు 8 రూపాయలే. నాకు 13.25 ఎవరిస్తారండీ?

చిట్టా_ఆవర్జా:
చిన్న వాటా విషయంలో మీ మాటే రైటు. అంకెల గారి లెక్క కూడా కాదనలేను. అయినా అమ్మేవాళ్లు 15 కంటే కిందికి దిగరు, కొనేవాళ్లు 11.50 దాటరు అన్నప్పుడు, ఎన్నేళ్లన్నది తేల్చే ఆధారం లేకపోతే మధ్యలో కలవక తప్పదు. ఇద్దరూ సంతకం పెట్టే అంకె కూడా కావాలి కదా.

అంకెల_వెనక:
బేరంలో మధ్యలో కలవండి, తప్పులేదు. విలువ కట్టిన రిపోర్టులో మాత్రం దాన్ని పద్ధతి అని రాయకండి. ఆధారం అసలే దొరకదన్న మాట కూడా నేను ఒప్పుకోను. లాభం ట్రేడ్‌మార్కు వల్ల వస్తోందా, యజమాని సొంత నైపుణ్యం వల్లా? నైపుణ్యమైతే ఆయన తప్పుకున్నాక ఒకటి రెండేళ్లు కూడా నిలవకపోవచ్చు. పేటెంటైతే మిగిలిన గడువు కాగితం మీదే ఉంటుంది. అమ్మకాల్లో సగం ఒకే కస్టమర్ నుంచి వస్తుంటే ఆ కాంట్రాక్టు ఎప్పటిదాకా ఉందో తీసి చదవాలి. ఫైనలియర్ గారూ, మీ లెక్కలో ఆ 3 లక్షల అధిక లాభం దేని వల్ల వస్తోందో ఇవ్వనే లేదు. అది తెలిస్తే ఎన్నేళ్లు కట్టాలో ఇక్కడే మాట్లాడుకుందాం.