పోతరాజు ముఖం మధ్యలో గీత పోవట్లేదు, రెండు సగాలని అతికించేదెలా?

బోనాల_బస్తీ:
అందరికీ నమస్తే. బ్లెండర్ (3డీ బొమ్మలు చేసే సాఫ్ట్‌వేర్) మొదలుపెట్టి నాలుగు నెలలైంది. బోనాల లోపు మా బస్తీ పిల్లలకి చూపిద్దామని పోతరాజు తల చేస్తున్నా. పసుపు పూసిన ముఖం, కోర మీసాలు, నుదుట పెద్ద కుంకుమ బొట్టు, అన్నీ కుదిరాయి గానీ మధ్యలో అతుకు దగ్గరే ఆగిపోయాను. కుడి సగం చేసి, డూప్లికేట్ తీసి, ఎక్స్ మీద మైనస్ 1 స్కేల్ ఇచ్చి అద్దంలోలా తిప్పి, రెండిటినీ కంట్రోల్ జె తో కలిపాను. మామూలుగా చూస్తే బాగానే ఉంది, నున్నగా చేసే సబ్‌డివిజన్ వేయగానే నుదుటి నుంచి గడ్డం దాకా కత్తితో కోసినట్టు గీత, ముక్కు దగ్గరైతే లోపలికి గుంట. బొట్టు సరిగ్గా ఆ గీత మీదే పడుతోంది. పైగా ఫేస్‌లు (ఉపరితలం పలకలు) ఎటు తిరిగాయో చూపే ఫేస్ ఓరియంటేషన్ ఆన్ చేస్తే ఎడమ సగమంతా ఎర్రగా ఉంది. షేడ్ స్మూత్ పెట్టి చూశా, పోలేదు. చాలా టెన్షన్‌గా ఉంది, ఎవరైనా చెప్పండి.

మాదాపూర్_మెష్:
తమ్ముడూ, కంట్రోల్ జె రెండు ముక్కల్ని ఒకే ఆబ్జెక్ట్‌లోకి తెస్తుంది, అంతే. వెర్టెక్స్‌లని (మూల చుక్కలని) అతికించదు. రెండు గుడ్డముక్కలు పక్కపక్కన పరిచావు, కుట్టు ఇంకా పడలేదు. ఎడిట్ మోడ్‌లో అన్నీ సెలెక్ట్ చేసి ఎం నొక్కి బై డిస్టెన్స్ ఇవ్వు, బాగా దగ్గరగా ఉన్నవి ఒకటవుతాయి, ఎన్ని వెర్టెక్స్‌లు తీసేసిందో కింద చూపిస్తుంది. తర్వాత షిఫ్ట్ ఎన్ కొడితే నార్మల్స్, అంటే ఫేస్‌లు చూసే దిక్కులు, బయటికి తిరిగి ఎరుపు పోతుంది. మైనస్ స్కేల్‌తో తిప్పితే ఫేస్‌లు ఇలా తిరగబడుతుంటాయి, కంగారు పడకు.

బోనాల_బస్తీ:
చేశా అక్కా, ఎరుపు పోయింది. కానీ 11 వెర్టెక్స్‌లే పోయాయి, మధ్య గీతలో 30 పైన ఉన్నాయి. డిస్టెన్స్ పెంచితే గీత తగ్గుతోంది గానీ కనురెప్పలు ఒకదానికొకటి అతుక్కుపోతున్నాయి.

మాదాపూర్_మెష్:
పెంచొద్దు! నీ మధ్య గీత ఎక్స్ సున్నా మీద లేదు, అదీ సమస్య. ఒక వెర్టెక్స్ ఎక్స్‌లో 0.004 మీటర్ల పక్కకి జరిగి ఉంటే, తిప్పాక దాని జోడీ అటువైపు అంతే దూరంలో ఉంటుంది, మధ్యలో 0.008 సందు. బై డిస్టెన్స్ మామూలుగా చూసేది 0.0001 మీటర్ లోపే. ఎడమ సగం తీసేసి మళ్ళీ మొదలుపెట్టు, పది నిమిషాల పని. మధ్య వరసని మాత్రమే సెలెక్ట్ చేసి ఎస్, ఎక్స్, 0 కొడితే అన్నీ ఒకే గీత మీదకి వస్తాయి, అప్పుడు ఎన్ ప్యానెల్‌లో లోకల్ పెట్టి మీడియన్ ఎక్స్‌ని 0 చెయ్యి. ఆబ్జెక్ట్ ఆరిజిన్ (దాని ఆధార బిందువు) కూడా ఆ గీత మీదే ఉండాలి, ఎందుకంటే మిర్రర్ మాడిఫైయర్ (సగాన్ని అద్దంలోలా అటువైపు చూపే సాధనం) ఆరిజిన్‌నే అద్దంగా తీసుకుంటుంది. ఇక డూప్లికేట్ తీయకుండా ఆ మాడిఫైయరే వేసి, మర్జ్ (అతుకు వేసేది), క్లిప్పింగ్ (మధ్య గీత దాటనివ్వనిది) రెండూ ఆన్ చెయ్యి. వరసలో అది సబ్‌డివిజన్ కంటే పైన ఉండాలి, కింద ఉంటే సగాన్ని ముందు నున్నగా చేసి తర్వాత తిప్పుతుంది, గీత మళ్ళీ వస్తుంది.

చార్మినార్_చౌరస్తా:
అక్క చెప్పింది కరెక్టే, కానీ ఆ ముక్కు గుంట వేరే సంగతి అనిపిస్తోంది. ముక్కుని సగం ముఖం మీద ఎక్స్‌ట్రూడ్ చేసి, అంటే కొత్త ఫేస్‌లు పుట్టేలా, లాగావా భయ్యా? అలా లాగినప్పుడు మధ్య గీత వెంబడి ఒక గోడ తయారవుతుంది, బయటికి కనపడదు, సబ్‌డివిజన్ దాన్ని కూడా లెక్కలోకి తీసుకుని చర్మాన్ని లోపలికి గుంజుతుంది. సగం ముఖాన్ని అతుకు వైపు నుంచి చూడు, ముక్కు దగ్గర మూసుకుపోయి ఉంటే అదే గోడ. ఆ ఫేస్‌లు మాత్రమే సెలెక్ట్ చేసి డిలీట్ చెయ్. క్లిప్పింగ్ ముందే ఆన్‌లో ఉంటే ఎక్స్‌ట్రూడ్ చేసినా ఆ గోడ రాదు. నేను చార్మినార్ చేసినప్పుడు పావు భాగమే కట్టి మిర్రర్‌లో ఎక్స్, వై రెండూ టిక్ పెట్టా, నాలుగు మినార్లూ వచ్చాయి. ఇలాంటి గోడలు ఆర్చీల మధ్యలో ఎన్ని దొరికాయో, రెండు రాత్రులు వెతికా.

బోనాల_బస్తీ:
అన్నా, గోడ ఉంది! ముక్కులోనే కాదు, కింది పెదవి దగ్గర ఇంకోటి. రెండూ తీసేశా, మధ్య వరస సున్నాకి తెచ్చా, గీత పూర్తిగా పోయింది, బొట్టు గుండ్రంగా నిలబడింది. చాలా థ్యాంక్స్ అక్కా, అన్నా. ఇప్పుడు ఒకవైపు మీసం కొంచెం ఎక్కువ మెలి తిప్పాలి. మాడిఫైయర్ అప్లై (శాశ్వతం) చేసేయాలా?

మాదాపూర్_మెష్:
ఇప్పుడే వద్దు తమ్ముడూ. అప్లై చేశాక కన్ను కొంచెం మార్చాలన్నా రెండు వైపులా చేతితో చేయాలి. మీసాలని సెలెక్ట్ చేసి పి నొక్కి వేరే ఆబ్జెక్ట్‌గా విడదియ్యి, మిర్రర్ దాని మీదే అప్లై చేసి ఇష్టం వచ్చినట్టు మెలి తిప్పుకో. ముఖం సగంగానే ఉండనీ. చేసేముందు ఫైల్ ఒక కాపీ పెట్టుకో. అయ్యాక ఫోటో ఇక్కడ పెట్టు, చూడాలని ఉంది.