డ్రైవ్‌వేలోంచి వెనక్కి తీస్తుంటే గుద్దేశాడు, తప్పు నాదేనా?

ప్రశ్న:
అన్నయ్యలకీ అక్కలకీ నమస్కారం. మాది శ్రీకాకుళం. టెక్సాస్‌లో డల్లాస్ పక్కన దిగి మూడు నెలలైంది. నిన్న పొద్దున్న డ్రైవ్‌వేలోంచి (ఇంటి ముందు నుంచి రోడ్డుకి కలిసే దారి) కారు వెనక్కి తీస్తుంటే, రోడ్డు మీద వస్తున్న కారు నా కుడి వెనక చక్రం దగ్గర గుద్దింది. స్పీడుగా వచ్చి గుద్దిందీ ఆయనే, తప్పు నాదంటున్నదీ ఆయనే. ఆరు వందల డాలర్లు ఇచ్చేస్తే ఇన్సూరెన్స్ దాకా వెళ్లక్కర్లేదట. ఇచ్చేయమంటారా?

జవాబు:
తమ్ముడూ, ఇద్దరికీ దెబ్బలేమీ తగల్లేదు కదా? ఆ సంగతే రాయలేదు నువ్వు. మెడ పట్టేసినట్టుంటే ఇవాళే డాక్టరుకి చూపించుకో.

సెలవు మీద విజయనగరం వచ్చి ఉన్నాను. నీ మెయిల్ చదువుతుంటే కింద సందులో పక్కింటాయన కారు వెనక్కి తీస్తున్నారు. వాళ్లబ్బాయి డిక్కీ మీద అరచేత్తో కొడుతూ "రానీ, రానీ, ఎడమకి కట్ చెయ్... హోల్డాన్!" అంటున్నాడు. పాలాయన సైకిల్ ఆపుకుని నిలబడ్డాడు. ఎదురుగా వచ్చిన ఆటో హారన్ కొట్టి మరీ ఆగింది. ఇక్కడ వెనక్కొచ్చే బండికి వీధి వీధంతా దారిస్తుంది. ఆ అలవాటుతోనే మనం అక్కడ దిగుతాం.

టెక్సాస్‌లో లెక్క తిరగబడుతుంది. డ్రైవ్‌వేలోంచో, ఇళ్ల వెనక సందులోంచో రోడ్డెక్కే బండే రోడ్డు మీద పోయే బండికి దారివ్వాలి. వెనక్కి నడపడానికి ఇంకో సెక్షన్ ఉంది: ఎవరికీ అడ్డం రాకుండా, ప్రమాదం లేదనుకుంటేనే తీయాలి. రెండూ నీ నెత్తి మీదే ఉన్నాయి. "గుద్దింది ఆయన కదా" అన్న మాట అక్కడ పెద్దగా నిలవదు.

అలాగని నూరు శాతం నీదే అనీ చెప్పలేను. అక్కడ తప్పుని వాటాలు వేస్తారు. నీ వాటా 50 శాతం దాటితే ఆయన వైపు నుంచి నీకు పైసా రాదు, దాటకపోతే నీ వాటా మేర తగ్గించి ఇస్తారు. ఆయన స్పీడు సంగతి నీ నోటిమాటగా చెబితే చాలదు. ఎదురింటి డోర్‌బెల్ కెమెరాలో పడిందేమో ఈ రోజే వెళ్లి అడుగు, కొన్నిటిలో పాత వీడియోలు వాటంతటవే చెరిగిపోతాయి. ఇద్దరూ ఎదురెదురు డ్రైవ్‌వేల్లోంచి ఒకేసారి వెనక్కొచ్చి గుద్దుకుంటే చాలాసార్లు చెరి సగం అంటారు. నీది అలాంటిది కాదు.

డబ్బులు మాత్రం ఇవ్వకు. నా మొదటి ఏడాది, ఎదురింటి ముందు ఆపిన కారుకి వెనకగా వెళ్లి తగిలించాను. పైకి గోరంత గీత. నాలుగు వందలు చేతిలో పెట్టి, చెయ్యి కలిపి వచ్చేశాను. మూడు వారాలకి బంపర్ లోపల సెన్సార్ పోయిందంటూ పద్నాలుగు వందల బిల్లు వచ్చింది. ముందు ఇచ్చినదానికి కాగితం లేదు. మీ ఏడు రోడ్ల జంక్షన్‌లోనో మా గంటస్తంభం దగ్గరో అయితే నలుగురు చేరి, తిట్టి, సాక్ష్యమైనా చెప్పేవారు. అక్కడ ఓక్ చెట్లు తప్ప ఎవరున్నారు?

టెక్సాస్‌లో కనీస లయబిలిటీ పాలసీ అయినా ఎదుటివాళ్ల ఆస్తి నష్టానికి 25,000 డాలర్ల దాకా కడుతుంది. అది ఆయన కారుకి. నీ కారు బాగుచేయించుకోవాలంటే కొలిజన్ కవరేజీ ఉండాలి, అప్పుడైనా డిడక్టిబుల్, అంటే బిల్లులో మన జేబులోంచి పోయే మొదటి భాగం, నువ్వే పెట్టుకోవాలి. రెన్యువల్‌కి ప్రీమియం పెరగొచ్చు, పెరగనీ. ఇన్సూరెన్స్ వాళ్లు ఫోన్ రికార్డు చేస్తూ అడిగితే జరిగింది జరిగినట్టు చెప్పు. మర్యాదకి పోయి "తప్పంతా నాదే సార్" అనకు, తెలియనిది ఊహించీ చెప్పకు.

ఒకటి ఎవరూ చెప్పరు. మన ఊళ్లో వెనక్కి తీసేటప్పుడు దగ్గరి వరసలో వచ్చే బండి ఎడమ భుజం వైపు నుంచి వస్తుంది. అక్కడ కుడి భుజం వైపు నుంచి. మెడకి పాత అలవాటు పోవడానికి నాకు ఆర్నెల్లు పట్టింది. 2018 మే నుంచి అక్కడ కొత్త కార్లన్నిటికీ వెనక కెమెరా తప్పనిసరి చేశారు గానీ, పక్క నుంచి దూసుకొచ్చే బండి అందులో కనబడేసరికి ఆలస్యమైపోతుంది. నేనైతే సాయంత్రమే కారుని వెనక్కి పెట్టి, పొద్దున్న ముందుకి తీస్తాను. పక్కవాళ్లు నవ్వుతారు.

ఇంకో జవాబు:
తమ్ముడిది టెక్సాస్ కాబట్టి ఈ వాటాల లెక్క. నేనుండే నార్త్ కరోలినాలో, వర్జీనియా, మేరీలాండ్, అలబామాల్లో మన తప్పు ఆవగింజంత ఉన్నా అవతలివాళ్ల నుంచి రాబట్టుకోవడం కష్టం. ఇటు వచ్చేవాళ్లు కొలిజన్ లేకుండా కారు నడపకండమ్మా.

ప్రశ్న అడిగినవారు:
దెబ్బలేమీ తగల్లేదు అన్నయ్యా. ఎదురింటి పెద్దావిడ వీడియో ఇచ్చారు. ఆయన స్పీడేం కాదు, మామూలుగానే వస్తున్నాడు. నేనే ఎడమ భుజం మీంచి చూస్తూ కూర్చున్నాను. క్లెయిమ్ వేశాను. నాది లయబిలిటీ ఒక్కటే కాబట్టి నా సొట్ట అలాగే ఉంటుంది.