బ్రేకు డిస్కులు మార్చాలా, లేత్ పట్టిస్తే చాలా?

మూలాపేట_కుర్రోడు:
అన్నా, మా స్కార్పియో 68 వేలు తిరిగింది. పోయిన నెల శ్రీశైలం నుంచి దోర్నాల ఘాట్ దిగేటప్పుడు ముందు చక్రాల కాడ కాలిన వాసన కొట్టింది. నెల్లూరొచ్చాక బ్రేకు తొక్కితే కీచుమని మోత. ఒక షెడ్డులో ప్యాడ్లు (బ్రేకేస్తే డిస్కును నొక్కి పట్టేవి) మాత్రం మార్చారు. ఇప్పుడు హైవేలో 80 మీద బ్రేకేస్తే స్టీరింగు వణుకుతా ఉంది. “ప్యాడ్లు సెట్టయితే పోద్ది” అన్నాడాయన. పదిహేను రోజులైంది, పోలా.

ఒంగోలు_డీజిల్:
వణుకు స్టీరింగులో తెలుస్తుంటే ముందు చక్రాల డిస్కుల మీదే అనుమానం, అంటే చక్రంతో పాటు తిరిగే ఇనప పళ్లేలు. చక్రం విప్పి డిస్కు అంచున గోరు పెట్టి లాగు. గట్టు గోరుకు తగిలితే బాగా అరిగినట్టే. కనీస మందం ఎంతుండాలో డిస్కు మీదే అచ్చు ఉంటది, తుప్పు గీకితే కనపడద్ది. మైక్రోమీటరుతో కొలిపించు. వెర్నియర్ పెడితే ఆ గట్టు మీద కూర్చుని ఎక్కువ చూపిస్తది, అక్కడే చాలామంది మోసపోతారు.

కావలి_ట్రావెల్స్:
నేను లేత్ పట్టించా, అంటే మిషను మీద డిస్కు పైపొర చెక్కించి చదును చేయించా. ఆర్నెల్లకు మళ్లీ మొదలు. చెక్కే కొద్దీ పలచబడద్ది, పలచబడితే తొందరగా వేడెక్కుద్ది. రెండో సారి కొత్తవే జతగా వేయించా, అయినా వణుకు! విప్పి చూస్తే హబ్ (డిస్కు కూర్చునే చోటు) మీద తుప్పు పొట్టు. మాది సముద్రపు గాలి కదా. వైరు బ్రష్షుతో రుద్ది డిస్కు మళ్లీ కూర్చోబెడితే పోయింది. పావుగంట పనికి రెండు వారాలు తిరిగా.

చీమకుర్తి_బండి:
క్యాలిపర్ (ప్యాడ్లను డిస్కుకు నొక్కేది) జారే పిన్నులు కూడా చూడు తమ్ముడూ. మా కాడ గ్రానైట్ దుమ్ముకు నాది ఒక పక్క పిన్ను బిగుసుకుపోయింది. లోపలి ప్యాడు ఇనుము దాకా అరిగి, బయటిది సగం అట్నే ఉండాది. పిన్నులకు మామూలు గ్రీజు పూయనీయకు, రబ్బరు ఉబ్బుద్ది. బ్రేకులకని వేరే సిలికాన్ గ్రీజు దొరుకుద్ది.

ఒంగోలు_డీజిల్:
ఇంకోటి. కొత్త ప్యాడ్లు పట్టేదానికి క్యాలిపర్లో పిస్టన్ వెనక్కి నొక్కాక, బండి కదిలించే ముందు పెడల్ గట్టిపడేదాకా తొక్కాలి. మా బావ మర్చిపోయి రివర్సు తీసి షెడ్డు గోడను ముద్దు పెట్టుకున్నాడు. బ్రేక్ ఆయిల్ రెండేళ్లు దాటుంటే అది కూడా మార్పించు. తేమ పీల్చుకునుంటది, ఘాట్లో వేడికి మరిగి పెడల్ మెత్తబడద్ది.

మూలాపేట_కుర్రోడు:
కొలిపించానన్నా. ఎడమ డిస్కు అచ్చులో ఉన్నదానికన్నా ఒకటిన్నర మిల్లీమీటరు తక్కువ! రెండూ మార్పించి, హబ్ నేనే నిలబడి రుద్దించా. కొత్త డిస్కుల మీది నూనె పూత క్లీనరుతో తుడిచారు. ప్యాడ్లు కూడా కొత్తవే.

కావలి_ట్రావెల్స్:
మంచిపని. కొత్త ప్యాడ్లు డిస్కులకు సెట్టవ్వాలంటే తెల్లారుజామున ఖాళీ రోడ్డు చూసుకో. బ్రేకేసి స్పీడు 60 నుంచి 15 దాకా పది సార్లు తగ్గించు, మధ్యలో పూర్తిగా ఆపబాక. తర్వాత బ్రేకు ముట్టకుండా కాసేపు నడుపు, చల్లబడాలి. ఈసారి ఘాట్లో రెండో గేరులో దిగు సామీ.

మూలాపేట_కుర్రోడు:
అట్నే చేశా. 90లో కూడా వణుకు లేదు. పాత డిస్కులు ఇనప సామానోడు కిలో లెక్కన తీసుకుపోయాడు, ఆ డబ్బుతో టీలు మాత్రం వచ్చాయి.