"కోయె నాయె కె కులెయానా ఓ నా కానకా": ఈ పట్టా వాక్యం తెలుగులో ఎలా రాయాలి?

పోస్టు:
అందరికీ నమస్కారం. 1850ల నాటి హవాయి భూమి కాయితాల గురించి ఒక వ్యాసం తెలుగు చేస్తున్నా, ఒక్క ముక్క దగ్గర ఆగిపోయా. పెద్ద పెద్ద అహుపుఆల (అక్కడి భూభాగాల) పట్టాల్లో ఈ వాక్యం కనపడుతుంది, "కోయె నాయె కె కులెయానా ఓ నా కానకా" అని. ఇంగ్లీషులో దీన్ని నేటివ్ టెనెంట్ల హక్కులు మినహా అన్నట్టు రాసుకున్నారు. టెనెంట్ అంటే కౌలుదారు అని రాసేయొచ్చా? ఇంకో చిక్కు, కులెయానా అంటే హక్కు అంటారు, బాధ్యత అంటారు, చివరికి చేమ మడి ముక్కని కూడా కులెయానా అనే అంటారు. ఏది తీసుకోమంటారు?

జవాబు:
మిరాసీ అని వాడి చూడండి సార్. తరతరాలుగా వచ్చే హక్కూ ఉంది అందులో, దాంతో పాటు చెయ్యాల్సిన పనీ ఉంది. రెండూ కలిసిన మాట మనకి అదొక్కటే గుర్తొస్తోంది.

జవాబు:
మిరాసీ వద్దండీ. మిరాసీ అనగానే కరణమో అర్చకుడో, ఊళ్ళో నాలుగు కుటుంబాలే గుర్తొస్తాయి, కులెయానా అలా కాదు, మడి దున్నుకునే ప్రతి వాడిదీ.

కౌలుదారు అయితే ఇంకా అన్యాయం. కౌలుదారు అన్నామంటే భూమి వేరేవాడిదని ఒప్పేసుకున్నట్టే కదా. హవాయిలో అసలు గొడవంతా అక్కడే. 1845 డిసెంబర్లో చట్టం చేసి, భూమి హక్కులు తేల్చడానికి పెట్టిన లాండ్ కమిషన్ లెక్కలో భూమి మీద ముగ్గురికి హక్కుంది, రాజుకి, దొరలకి (తెల్లవాళ్ళు కాదు, అక్కడి నాయకులు), దున్నుకుని బతికే జనానికి. 1848 జనవరి నుంచి మార్చి దాకా మూడో కమెహమెహా రాజు, 240 పైచిలుకు దొరలు కలిసి ఏ అహుపుఆ ఎవరిదో ఒక పుస్తకంలో రాసుకున్నారు, దాన్నే మాహెలె అంటారు, అంటే పంపకం. అహుపుఆ అంటే మామూలుగా కొండ మీంచి సముద్రం దాకా దిగే పట్టీ, అడవి, చేమ మళ్ళు, చేపలు పట్టే తీరం అన్నీ అందులోకే వస్తాయి. ఆ పుస్తకంలో తేలింది ఇద్దరి లెక్కే, మూడోవాడి వాటా తేల్చలేదు, అందుకని పట్టాలో "కోయె" పెట్టారు, అంటే అది అలా మిగిలే ఉంది, నీకివ్వలేదు అని. కాబట్టి "హక్కులకు లోబడి" అని రాయకండి, లోబడి అంటే మొత్తం నాకొచ్చింది, పైన చిన్న భారం ఉంది అన్నట్టుంటుంది. "మినహా" సరిగ్గా సరిపోతుంది, దొర చేతికి రానిదాన్ని దొర ఎలా అమ్ముతాడు?

కానకా అంటే మనుషులు, జనం. నేనైతే "కాపురస్తులు" అంటా. మన దస్తావేజుల్లో "ఫలానా గ్రామ కాపురస్తుడు" అని ఇప్పటికీ రాస్తారు కదా, అందులో కౌలు వాసన లేదు, అక్కడ ఇల్లు కట్టుకుని బతుకుతున్నాడు అంతే. "ఇందలి కాపురస్తుల హక్కులు మినహా" – చదవండి, పట్టాలాగే ఉంటుంది.

పోస్టు పెట్టినాయన:
కాపురస్తులు భలే కుదిరిందండీ. మరి హక్కు అనే మాట పొలం ముక్క ఎలా అయింది?

జవాబు:
అది 1850 ఆగస్టు 6 చట్టంతో. సాగు చేసుకుంటున్న ముక్క మీద అర్జీ పెట్టి, కమిషన్ ముందు సాక్షుల్ని నిలబెట్టి, కొలతలు వేయించుకుంటే ఆ ముక్క సొంతం అన్నారు. అర్జీల గడువు 1848 ఫిబ్రవరి 14కే అయిపోయింది, చట్టం రాకముందే. చాలామంది అసలు అర్జీయే పెట్టలేదు, పెట్టినవాళ్ళలో 1848–49లో తట్టు, కోరింత దగ్గు వచ్చి పోయినవాళ్ళు ఎందరో. చివరికి జనానికి దక్కింది 28,600 ఎకరాలకి అటూ ఇటూగా, దీవులన్నిటి విస్తీర్ణంలో నూటికి ఒక్క వంతు కూడా కాదు. అలా వచ్చిన ముక్కల్నే కులెయానాలు అనడం మొదలైంది. నన్నడిగితే మాట అర్థం కుంచించుకుపోవడమూ జనం భూమి కుంచించుకుపోవడమూ ఒకేసారి జరిగాయి.

అదే చట్టం 7వ సెక్షన్ మాత్రం పాత అర్థాన్ని కొంత కాపాడింది. ముక్క చిన్నదైనా వంట చెరకు, ఇంటి వాసాలు, కప్పు గడ్డి, కీ అనే మొక్క ఆకు సొంతానికి తెచ్చుకోవచ్చు, అమ్ముకోకూడదు, తాగే నీళ్ళు, పారే నీళ్ళు, నడిచే దారి ఎవరూ ఆపకూడదు. మొదట దొర ఒప్పుకోవాలని పెట్టి 1851లో ఆ షరతు తీసేశారు.

మీరు ఇంకా సాక్ష్యాల జోలికి పోకపోతే అవి చదవండి. మనకి చెక్కుబందీ తూర్పు, దక్షిణం, పడమర, ఉత్తరం కదా, వాళ్ళకి మౌకా అంటే కొండ వైపు, మకాయి అంటే సముద్రం వైపు, మిగతా రెండు దిక్కులు పక్కనున్న ఊళ్ళ పేర్లు. పక్క మడివాడొచ్చి ఈయనకి ఇన్ని మళ్ళున్నాయి, తండ్రి నుంచి వచ్చాయి, మొదటి కమెహమెహా కాలం నుంచీ వీళ్ళవే, ఎవరూ అడ్డం చెప్పలేదు అంటాడు. ఆ "ఎవరూ అడ్డం చెప్పలేదు" అన్న మాట ఉన్న సాక్ష్యాలు లెక్కలేనన్ని, హక్కు నిలవడానికి కాయితం కన్నా అదే ముఖ్యం.

ఇంకొకరు:
తండ్రి నుంచి వచ్చాయి అన్నారు, అక్కడ ఆస్తి అసలు పిల్లలకి వచ్చేదా? దొర చస్తే భూములన్నీ రాజు మళ్ళీ పంచేవాడని ఎక్కడో చదివా.

జవాబు:
దానికే కాలైఆయినా అని పేరు, భూమిని చెక్కడం. కొత్త రాజు వస్తే మళ్ళీ చెక్కుడే. రెండో కమెహమెహా రాజు లిహోలిహో 1824లో లండన్‌లో పోయాక 1825లో దొరల సభ కూర్చుని వారసులకే భూములు అని ఖాయం చేసుకున్నారు. ఆ తర్వాత వారసత్వ తగాదాలు కోర్టుకీ ఎక్కాయి.

పెద్ద తగాదా 1863 నాటిది. నాలుగో కమెహమెహా వీలునామా రాయకుండా పోయాడు, రాజు పేర ఉంచిన భూములు, అంటే రాజభూములు, ఎవరికి? రాణి ఎమ్మా భార్యగా నా వాటా అంది, కొత్త రాజేమో గద్దెతో పాటు నావే అన్నాడు. 1864లో సుప్రీంకోర్టు ఆ భూములు గద్దె ఎక్కినవాడికే అంటూనే భార్యకి జీవితకాలపు వాటా ఉందంది. మరుసటి ఏడు చట్టం చేసి ఆ భూములు అమ్మడానికి వీల్లేకుండా చేశారు, ఎమ్మా ఏటా 6,000 డాలర్లు తీసుకుని వాటా వదిలేసింది.

వాటా వదలడం అంటే కమెహమెహా వంశపు రాకుమారి రూత్ కేలికోలానీ సంగతి ఇంకా చిత్రం. ఇంగ్లీషు అర్థమైనా హవాయి భాషలోనే మాట్లాడేదని చెప్పుకుంటారు ఆవిణ్ణి. అయిదో కమెహమెహా 1872లో వీలునామా లేకుండానే పోతే సవతి అక్కగా ఆయన సొంత భూములు ఈమెకొచ్చాయి. ఆ ఊపున రాజభూముల్లో కూడా నాకు వాటా ఉంది అంది, కోర్టు తీర్పు చూస్తే అది నిలిచేది కాదు, అయినా 1880లో చక్కెర షావుకారు క్లాస్ స్ప్రెకెల్స్ ఆ హక్కుని 10,000 డాలర్లకి కొన్నాడు. 1882లో శాసనసభ ఎందుకొచ్చిన పేచీ అని ఆ హక్కు వదులుకుంటే చాలని మావీ దీవిలో వైలుకు అహుపుఆ, సుమారు 24,000 ఎకరాలు, ఆయన చేతిలో పెట్టింది. రూత్ 1883లో పోతూ తన ఆస్తంతా బంధువు బెర్నీస్ పౌఆహికి రాసింది, ఆవిడ వీలునామాతో పెట్టిన కమెహమెహా స్కూళ్ళ భూముల్లో ఎక్కువ భాగం అలా వచ్చినవే.

పోస్టు పెట్టినాయన:
రూత్ స్ప్రెకెల్స్‌కి రాసిచ్చినదాన్ని అమ్మకం కాయితం అనొచ్చా మరి?

జవాబు:
క్రయ దస్తావేజు అనకండి, అమ్మింది భూమి కాదుగా. రిజిస్ట్రార్ ఆఫీసులో వాడే మాటే తీసుకోండి, హక్కు విడుదల పత్రం. స్ప్రెకెల్స్ మళ్ళీ సర్కారుకి ఇచ్చిందానికీ అదే పేరు పెట్టొచ్చు.